అవ్వ గిలాసలో నీళ్లు

పోయిన వారం డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లద్దాలు పైకి తోసుకుని, "టీ మానేయండమ్మా. మానలేకపోతే చక్కెరన్నా మానేయండి" అంది. మనవరాలి వయసు పిల్ల. కోప్పడటానికి మనసు రాలేదు. "చూద్దాంలే తల్లీ" అని బయటికొచ్చి, ఆసుపత్రి ఎదురుగా ఉన్న బండి దగ్గర నిలబడి, రెండు చెంచాల చక్కెర వేయించుకుని ఒక టీ తాగాను. తాగుతుంటే నవ్వొచ్చింది. నన్ను టీ తాగొద్దన్న మొదటి మనిషి ఈమె కాదు. మొదటి మనిషి మా నాన్న. ఆయన వెనక ఏకంగా దేవుడే ఉన్నాడు. ఆయన మాటే వినని దాన్ని, ఈ పిల్ల మాట వింటానా?

మాది కోస్తాలో ఒక పల్లె. అందరిలాగే పొలం, గేదెలు, గడ్డివామి. నాకు ఏడేళ్లప్పుడు నాన్న ఒక సంఘంలో కలిశాడు. సముద్రాలు దాటి వచ్చిన చిన్న సంఘం అది. మా తాలూకాలోని మిగతా చర్చిల వాళ్లు కూడా వాళ్లను తమలో కలుపుకునేవాళ్లు కాదు. ఆ సంఘం పెద్దలను వాళ్ల దేశంలోనే ఊరూరా తరిమారట. చివరికి పిల్లాజెల్లాతో బండ్లు కట్టుకుని, బండ్లు లేనివాళ్లు చేతిబండ్లు లాక్కుంటూ, నెలల తరబడి నడిచి, ఎవరికీ అక్కర్లేని ఎడారి నేల చేరి, అక్కడ కాలువలు తవ్వుకుని పంట పండించారట. నాన్నకు ఆ కథంటే ప్రాణం. ఏసుప్రభువు కథ కన్నా ఆ చేతిబండ్ల కథే ఎక్కువసార్లు చెబుతాడని అమ్మ దెప్పేది.

సంఘంలో చేరినవాళ్లు సారా, కల్లు, చుట్ట, బీడీ ముట్టకూడదు. అక్కడితో ఆగినా బాగుండేది. టీ, కాఫీలు కూడా ముట్టకూడదు. పొద్దున లేవగానే చిన్న ఇత్తడి గ్లాసుడు కాఫీ తాగనిదే మాట పెగలని అమ్మకు అది ఎంత కష్టమో నాన్నకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆదివారం పని చేయకూడదు. నెలలో ఒకసారి, శనివారం మధ్యాహ్నం తిన్నాక మళ్లీ ఆదివారం సాయంత్రం దాకా పెద్దవాళ్లు మంచినీళ్లు కూడా తాగకూడదు. అలా మిగిలిన రెండు పూటల బియ్యం ఆకలిగా ఉన్న ఇంటికి పోయాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఉపవాసం ఉన్నామని ఎవరితోనూ చెప్పుకోకూడదు. చెప్పుకుంటే అది దేవుడి కోసం కాక మెప్పు కోసం చేసినట్టు అవుతుందట. ఈ ఒక్క నియమం మా కొంప ముంచినంత పని చేసింది.

ఆ సంఘంలో ప్రార్థన అయ్యాక అందరూ ఒకే వరసలో కూర్చుని తినేవాళ్లు. మా పొలంలో పనిచేసే మనుషుల పక్కనే నాన్న కూర్చుని తిన్నాడు. అది చూసి మా వాళ్లు మండిపడ్డారు. పెదనాన్న అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి, "తప్పయిందని ఒక్క మాట అను, చాలు" అన్నాడు. "తిన్నాను. మళ్లీ తింటాను" అన్నాడు నాన్న. ఆ తర్వాత మా ఇంటికి చాకలి రాలేదు, మంగలి రాలేదు, ఒక్క పెళ్లి పిలుపు రాలేదు. ఏడాది ఓపిక పట్టి, నాన్న పొలం అమ్మేసి, బాన్సువాడ దగ్గర కాలువ కింద మూడెకరాలు కొన్నాడు.

లారీలో మేం నలుగురం, అమ్మ రోలు, గోంగూర జాడీలు, రెండు మంచాలు. దారంతా నాన్న చేతిబండ్ల కథ చెబుతూనే ఉన్నాడు. "వాళ్లు నడిచారు, మనం లారీ ఎక్కాం, ఏం తక్కువయింది మనకు?" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుదుపులకు వాంతి రాకుండా కళ్లు మూసుకుని కూర్చుంది. తమ్ముడు ఆమె ఒళ్లో నిద్రపోయాడు. నేను మాత్రం లారీ వెనక అంచు పట్టుకుని, మారిపోతున్న మట్టి రంగు చూస్తూ నిలబడ్డాను.

బాన్సువాడ బస్టాండు దగ్గర లారీ ఆగింది. ఆ రోజుల్లో అక్కడ గోడల మీద తారుతో రాతలుండేవి. మాలాంటి కోస్తావాళ్లు వెనక్కి పోవాలని ఆ రాతల సారాంశం. నాన్న దిగి, చేతులు వెనక కట్టుకుని, ఒక గోడ ముందు నిలబడి తీరిగ్గా చదివాడు. చదివి అమ్మ వైపు తిరిగి, "వెనక్కంటే ఎక్కడికంట?" అన్నాడు.  ఆ గోడ పక్కనే హోటలు. పెద్ద గిన్నెలో టీ మరుగుతోంది. పాలు, అల్లం, చక్కెర కలిసి కాగే ఆ వాసన నాకు అప్పుడే మొదటిసారి అంత దగ్గరగా తగిలింది. ముక్కుతోనే కడుపు నిండా తాగాను.

మేం దిగింది బీర్కూర్ పోయే దారిలో ఒక క్యాంపులో. కోస్తా నుంచి వచ్చినవాళ్లు పది పదిహేను ఇళ్లు వేసుకుని ఉంటే దాన్ని క్యాంపు అనేవాళ్లు. మిగతా వాళ్లంతా హిందువులు, మంచివాళ్లే. మా ఇంట్లో పటాలు లేవని కాస్త వింతగా చూసేవాళ్లు, అంతే. కాలువ అవతల ఊరు. చెరకు ఆడే రోజుల్లో బెల్లం వండే వాసన గాలి ఎటు తిరిగితే అటు వచ్చేది. నల్లమట్టి తడిస్తే ఇంకో వాసన. మా ఊరి మట్టి వాసన అది కాదు, దానికంటే ఘాటు. మొదట్లో నాకు ఏడుపొచ్చేది, తర్వాత అదే ఆకలి పుట్టించేది.

బడిలో నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవాళ్లు. "గీమె రాగం తీసుకుంట మాట్లాడ్తది" అనేవాళ్లు. నేనూ తక్కువ తినలేదు. వాళ్ల మాట వాళ్లకే అప్పజెప్పి వెక్కిరించేదాన్ని. నా పక్కన కూర్చునే పిల్ల ఒక్కతే నవ్వేది కాదు. జొన్నరొట్టెలో ఎర్రకారం పెట్టి మడిచి తెచ్చుకునేది, సగం నాకిచ్చేది. నా డబ్బాలో గోంగూర అన్నం ఆమెకిచ్చేదాన్ని. ఆ పిల్ల వాళ్ల నాయనమ్మే అవ్వ. ఊళ్లో నాట్లకు ఆడవాళ్లను కూడగట్టి తీసుకుపోయేది ఆమే. ఆమె ఎవరి మడిలో దిగితే ఆ ముప్పైమంది ఆడవాళ్లు ఆ మడిలోనే దిగుతారు. ఆమె దిగకపోతే ఒక్కరూ దిగరు.

మేం వచ్చిన ఏడాదే నాన్న నారు పోశాడు. నారు అందంగా లేచింది. ఇక నాట్లకు మనుషుల్ని అడగాలి. ఒక శనివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లాడు. ఊరి చివర మట్టిగోడల ఇల్లు, వాకిట్లో రెండు మేకలు, ఎండేసిన మిరపకాయలు. అవ్వ మంచం వాల్చి, దానిమీద ఉతికిన దుప్పటి పరిచి, "కూసో అయ్యా" అంది. కోడలిని కేకేసి మేకపాలతో చాయ్ పెట్టించింది. గాజు గ్లాసు బూడిదతో తోమి, రెండుసార్లు కడిగి, అందులో పోసి తనే తెచ్చిచ్చింది.

"వద్దవ్వా, నేను తాగను" అన్నాడు నాన్న.

"అయ్యో, చాయ్ తాగవా? గట్లయితే నీళ్లన్న తాగు. ఎండల వచ్చినవ్."

"నీళ్లు కూడా వద్దు."

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నాన్న నాట్ల సంగతి మాట్లాడాడు. ఆమె "ఊ" అంది, "సూద్దాం" అంది. వస్తుంటే గుమ్మం దాకా కూడా రాలేదు. దారిలో నాన్న సంతోషంగా, "మంచి మనిషి" అన్నాడు. అది ఆయన ఉపవాసపు శనివారం. మధ్యాహ్నం నుంచి నోట్లో చుక్క పడలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ మాట ఆమెతో అంటే దేవుడి దగ్గర మాట పోతుందని ఆయన భయం.

నాట్ల రోజు తెల్లారి మేం మడి దగ్గర ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. క్యాంపులో అందరి మళ్లూ పచ్చబడుతున్నాయి, మాదొక్కటే నీళ్లు నిలబడి, మబ్బులు కనబడుతూ ఖాళీగా ఉంది. పక్కింటి బాబాయి వచ్చాడు.

"అన్నయ్యా, ఇక్కడ నాటంటే సాయంత్రం కల్లుండాలి. రెండు కుండలు పోయిస్తానని చెప్పు, పరిగెత్తుకుంటూ వస్తారు" అన్నాడు.

"నేను తాగను, ఒకరి చేత తాగించను" అన్నాడు నాన్న.

"మరి నారు?"

"దేవుడున్నాడు."

"దేవుడు మళ్లో దిగడుగా అన్నయ్యా" అన్నాడు బాబాయి. అమ్మ తల తిప్పుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు.

నారుకు ముప్పై రోజులు దాటాయి. ఇంకో పదిరోజులు పోతే కణుపు కడుతుంది, ఆ తర్వాత నాటినా పిలక వేయదు. ఆ పంట రాకపోతే మాకు ఏడాది తిండి లేదు. తిండి లేకపోతే నేల అమ్ముకోవాలి. నేల అమ్ముకుని వెళ్లడానికి మాకు ఊరు లేదు. ఇదంతా అమ్మ పొయ్యి ముందు కూర్చుని తనలో తను గొణుక్కుంటుంటే విన్నాను. పదేళ్ల పిల్లను, నాకు అర్థం కాదనుకుంది.

నేను అవ్వ మనవరాలితో ఆడుకోవడం మానలేదు. ఒకరోజు బడి నుంచి వాళ్లింటికే పోయాం. దారిలో ఎవరిదో చెరకు తోటలో దూరి రెండు గడలు విరిచాం. అరుగు మీద కూర్చుని నములుతుంటే అవ్వ చాయ్ తెచ్చింది. మనవరాలికి ఇచ్చింది, తను తీసుకుంది, నాకు ఇవ్వలేదు.

"నాకు?" అన్నాను.

"నీకెందుకు బిడ్డా? మీరు మా చేతి నీళ్లు గూడ తాగరు గద. మీ నాయినకు మా గిలాస మైల."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె చేతిలో గ్లాసు లాక్కున్నంత పని చేసి గటగటా తాగేశాను. నాలుక కాలింది. మేకపాల వాసన, అల్లం ఘాటు, బోలెడు తీపి. కళ్లలో నీళ్లొచ్చాయి, అవి కాలినందుకా, రుచికా అని ఇప్పటికీ చెప్పలేను. అవ్వ నోరు తెరిచి చూసింది.

"మా నాన్నకు మైల ఏం లేదు. ఆ రోజు ఉపవాసం. అందుకే నీళ్లు తాగలేదు. టీ మా ఇంట్లో కూడా తాగడు" అన్నాను.

"ఉపాసం ఉంటే ఉపాసం అని చెప్పనీకి నోరు లేదా?"

"చెప్పకూడదంట."

అవ్వ చాలాసేపు నా మొహంలోకి చూసింది. అబద్ధమో నిజమో తూచినట్టు చూసింది. "బిడ్డా, నా గీ అరవై ఏండ్ల బతుకుల ఎందరు దొరలను సూసిన. ఒక్కొక్కడు ఒక్కొక్క సాకు చెప్పిండు. ఒకడు కడుపునొప్పి అన్నడు, ఒకడు పూజ అన్నడు. మీ నాయిన సాకు గూడ చెప్పలె. గీ ముచ్చట నువ్వు చెప్తె నడవదు. ఆయన రావాలె, ఆయనే చెప్పాలె. అప్పటిదాక నేను ఆయన మళ్ల కాలు పెట్ట."

ఇంటికి పరిగెత్తి నాన్నతో చెప్పాను. టీ తాగిన సంగతి మాత్రం మింగేశాను. కల్లు కోసం కాదు నాన్నా, నీళ్లు తాగలేదని, వాళ్ల గిలాస నీకు మైల అనుకుంటున్నారని అన్నాను. నాన్న చేతిలో పార కింద పెట్టి గడప మీద కూర్చుండిపోయాడు. ఆయన మొహం ఎర్రబడటం అప్పుడే చూశాను.

"నాకా? మైల అన్నదా? నాకా?"

"వెళ్లి చెప్పండి" అంది అమ్మ. "ఉపవాసం అని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెప్పుకుంటే అది ఉపవాసం కాదు."

"చెప్పకపోతే ఇది సంసారం కాదు" అంది అమ్మ.  "మన ఊళ్లో వాళ్లతో కలిసి తిన్నారని వెళ్లగొట్టించుకున్నారు. ఇక్కడ కలిసి తాగలేదని వెలేయించుకున్నారు. మీ పట్టుదలకు మేం ఇంకెన్ని ఊళ్లు మారాలి?"

 నాన్న లేచి, "రేపు మనమే నాటుదాం" అన్నాడు. అమ్మ పుట్టి బుద్ధెరిగి మళ్లో దిగలేదు. మా వైపు మా ఇళ్లలో ఆడవాళ్లు దిగేవాళ్లు కాదు. కానీ ఆమె "సరే" అంది, ఆ సరే నాన్న మీద కోపంతో అంది. మర్నాడు అందరికన్నా ముందు చీర ఎగదోపి తనే దిగింది.

మూడు రోజులు నాటాం. మూడెకరాల్లో ఒక మూల కూడా నిండలేదు. అమ్మ కాళ్లు నాని తెల్లగా ఉబ్బాయి. నా వేళ్ల సందులు పగిలాయి. తమ్ముడికి నారు కట్టలు అందించే పని ఇస్తే వాడు కప్పల వెంట పడ్డాడు. వరసలు వంకర పోయాయి. మడిలోంచి లేచి నిలబడితే నడుం నాది కాదనిపించేది. అయినా, నిజం చెబుతున్నా, నాకు ఎక్కడో కసిగా సంతోషంగా ఉండేది. ఎవరూ రాకపోయినా నాటుతున్నాం కదా అని.

నాలుగో రోజు పొద్దెక్కాక అవ్వ, ఆమె వెనక ఆడవాళ్లు, క్యాంపులో ఎవరిదో నాటు ముగించుకుని ఒడ్డు మీదుగా పోతున్నారు. మమ్మల్ని చూసి ఆగారు. కొందరు కిసుక్కుమన్నారు. అవ్వ మాత్రం ఒడ్డు మీద కూర్చుంది. వాళ్ల దగ్గర సత్తుగిన్నెలో చాయ్ ఉంది, గుడ్డ చుట్టి తెచ్చుకున్నారు. ఒక గ్లాసులో పోసి, మడి వైపు చేయి చాపింది.

"ఏమయ్యా, నడుము ఇరిగినట్టున్నది. జర చాయ్ తాగుతవా?"

 ఆమె ఎందుకు అడుగుతోందో అందరికీ తెలుసు. నాన్న నిటారుగా నిలబడ్డాడు. మోకాళ్ల దాకా బురద, చేతిలో నారు కట్ట.

"నేను తాగను అవ్వా" అన్నాడు.

"ఇగ సూడుండ్రి" అంది అవ్వ ఆడవాళ్లతో. గ్లాసు వెనక్కి తీసుకోబోయింది.

నాకు ఏం తోచిందో ఏమో, నారు కట్ట అక్కడే పారేసి, బురదలో పడుతూ లేస్తూ ఒడ్డెక్కాను. ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని, నాన్న చూస్తుండగా, అడుగున కొంచెం మిగిల్చి తాగేశాను.

"ఎప్పటి నుంచి?" అన్నాడు నాన్న. 

"నాలుగు రోజుల నుంచి. రోజూ తాగుతున్నా. వాళ్లింట్లోనే తాగుతున్నా." ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ అరిచాను. "నువ్వు చెప్పవు కదా, నేను చెబుతా! అవ్వా, మా ఊళ్లో మా నాన్న పనివాళ్ల పక్కన కూర్చుని తిన్నాడని మమ్మల్ని వెలేశారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. అందుకే లారీ ఎక్కి ఇక్కడికొచ్చాం. మైల అంటే మా నాన్నకు తెలీదు! ఆ రోజు ఉపవాసం. చెబితే పాపమంట. ఆ పాపం నాకే రానీ!"

 అమ్మ మడిలో నిలబడి, బురద చేత్తోనే మొహం తుడుచుకుంది. నాన్న నెమ్మదిగా ఒడ్డు దగ్గరికొచ్చాడు. నన్ను కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు.

"అవ్వా, నీళ్లున్నాయా?"

అవ్వ చెంబు ఎత్తింది. అప్పుడు గ్లాసు కడగాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. నాన్న గ్లాసు కడగలేదు. అడుగున నేను మిగిల్చిన టీ అలాగే ఉంది. "పోయవ్వా" అన్నాడు. ఆమె పోసింది. నీళ్లు ఎర్రగా తిరిగాయి. అందులో టీ ఎంతుందో, నీళ్లెన్నో, నా ఎంగిలెంతో ఆ దేవుడికే తెలియాలి. నాన్న తల ఎత్తి మొత్తం తాగేశాడు. గ్లాసు రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

"ఆ రోజే తాగాల్సింది. తప్పయింది" అన్నాడు.

పెదనాన్న పదిమందిలో అడిగినా రాని మాట అది. అమ్మ తల ఎత్తి చూసింది.

అవ్వ వెంటనే కరిగిపోయిందనుకునేరు. అదేం లేదు. మా మడి వైపు చేయి చూపించి, "ఏందయ్యా గీ నాటు? కోళ్లు కెలికినట్టున్నది. ఇట్ల నాటితె గింజ గాదు, గడ్డి గూడ రాదు" అంది. లేచి, చీర మడిచి కట్టి, మళ్లో దిగింది. "రాండ్రే" అని కేకేసింది. ముప్పైమంది దిగారు. అమ్మ నాటిన వంకర వరసలన్నీ పీకి మళ్లీ నాటారు. అమ్మను పక్కన నిలబెట్టుకుని వేళ్లు ఎలా పెట్టాలో, వెనక్కి ఎలా నడవాలో అవ్వే నేర్పింది. పాట ఎత్తుకున్నారు. నాన్న ఒడ్డు మీద నిలబడి, "అవ్వా, కల్లు మాత్రం పోయను" అన్నాడు.

"నిన్నెవరడిగిన్రు? చాయ్ పొయ్" అంది అవ్వ.

ఆ మాట నిలిచిపోయింది. మర్నాడే నాన్న బాన్సువాడ పోయి టీ పొడి, చక్కెర తెచ్చాడు. మడి పక్కన మూడు రాళ్ల పొయ్యి పెట్టి, తన చేత్తోనే టీ కాచాడు. రుచి చూడకూడదు కదా, పాలెన్నో పొడెంతో తెలియదు. మూత తీసి ఆవిరి చూసి, బిక్కమొహం వేసి, "అమ్మాయ్!" అని కేకేశాడు. నేను మళ్లోంచి పరిగెత్తాను. గరిటెతో కొంచెం నా చేతిలో పోసి, ఎటో చూస్తూ, "చక్కెర సరిపోయిందా?" అన్నాడు.

"ఇంకో గుప్పెడు" అన్నాను.

ఈ సంగతి సంఘం చెవిన పడింది. పట్నం నుంచి రెండు నెలలకోసారి ఒక పెద్దాయన వచ్చేవాడు. తెల్లచొక్కా, నల్లసంచి, ఎప్పుడూ నీరసంగా ఉండే నవ్వు. మా ముందుగదిలోనే ప్రార్థన, ఆయన వెంట పట్నం నుంచి వచ్చే నలుగురితో. ప్రార్థన అయ్యాక నన్ను నిలబెట్టి, "పాపా, తప్పు చేశానని, ఇంకెప్పుడూ తాగనని అందరి ముందు చెప్పు. ప్రభువు క్షమిస్తాడు" అన్నాడు.

 "తాగాను. మళ్లీ తాగుతాను" అన్నాను.

ఆయన నాన్న వైపు తిరిగాడు. "వింటున్నారా? మీరు చెప్పించండి. పైగా మీరే కాచి పోస్తున్నారట."

నాన్న పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను తాగనయ్యా, చచ్చేదాకా తాగను. అది నాకూ దేవుడికీ ఉన్న మాట. దాని మాట దానిది. మా ఊళ్లో నన్ను కూడా ఇలాగే పదిమందిలో నిలబెట్టారు. నా ఇంట్లో నా బిడ్డను నిలబెట్టనివ్వను. కూర్చో అమ్మాయ్" అన్నాడు.

నేను కూర్చున్నాను. పెద్దాయన చాలా నెలలు రాలేదు. నాన్న మాత్రం ఆదివారం ఆదివారం మాకు తనే ప్రార్థన చేయించాడు. ఒక్క ఉపవాసం తప్పలేదు. ఆ శనివారాల్లో అవ్వ ఆయన్ను చూస్తే దూరం నుంచే, "ఇయ్యాల్ల ఉపాసమా అయ్యా? చెప్పకు, చెప్పకు, నాకు ఎరుకైంది" అని నవ్వేది. మిగిలిన రెండు పూటల బియ్యం మాత్రం ఎవరికిచ్చేదీ అమ్మ నాన్నకు కూడా చెప్పేది కాదు. పెద్ద కొడప్‌గల్ వైపు తండాల నుంచి చెరకు నరకడానికి వచ్చేవాళ్ల గుడిసెల దగ్గర నేనొకసారి ఆమెను చూశాను. నోరు మూసుకోమని వేలు చూపించింది.

గోడల మీద తారు రాతలు వానలకు వెలిసిపోయాయి. నేను బడిపంతులమ్మనై జుక్కల్ వైపు ఒక ఊళ్లో చేరాను. అక్కడ పిల్లలు సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడేవాళ్లు. ఎక్కడున్నా నాట్లకు మాత్రం సెలవు పెట్టి బస్సెక్కి వచ్చేదాన్ని. నేను వచ్చేదాకా నాన్న టీ గిన్నె దించేవాడు కాదట.

ఆ చివరి నాట్ల రోజు నాకు బాగా గుర్తు. నాన్నకు అప్పటికే ఆరోగ్యం పోయింది. మాట తడబడేది, ఒక పని మధ్యలో ఇంకోటి మరిచిపోయేవాడు. అయినా పొయ్యి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఒడ్డు మీద మంచం వేయించుకుని, ఒంగి, పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాడు. అవ్వ కూడా మళ్లో దిగే వయసు దాటింది. అయినా వచ్చి మంచం కోడు దగ్గర చతికిలబడి, దిగినవాళ్లను తిడుతోంది.

"అమ్మాయ్!" అన్నాడు నాన్న.

వెళ్లాను. గరిటెతో నా చేతిలో పోశాడు. ఎప్పటిలాగే ఎటో చూస్తూ, "చక్కెర సరిపోయిందా?" అన్నాడు.

నోట్లో వేసుకున్నాను. చక్కెర లేదు. ఒక్క పలుకు కూడా లేదు. పొట్లం విప్పకుండా అలాగే మంచం మీద, ఆయన తొడ పక్కన ఉంది. ఆయన మొహంలోకి చూశాను. పదేళ్ల వయసు నుంచీ ఆయనకు ఎదురు చెబుతూనే ఉన్న దాన్ని. ఆ రోజు చెప్పలేకపోయాను.

"సరిపోయింది నాన్నా" అన్నాను.

ముందుగా అవ్వకు పోశాడు. అదే గాజు గ్లాసు, ఆమె ఇంటి నుంచి ఎప్పుడూ తనే తెచ్చుకునేది. ఆమె ఒక గుక్క తాగి ఆగింది. పొట్లం చూసింది, నన్ను చూసింది. తర్వాత చివరి చుక్క దాకా తాగి, "ఇయ్యాల్ల మస్తు కుదిరింది అయ్యా" అంది. ఆమె అలా అన్నాక ఎవరు మాట్లాడతారు? ముప్పైమంది ఆడవాళ్లు ఒడ్డు మీద వరసగా కూర్చుని, మొహాలు చిట్లించకుండా ఆ చేదు టీ తాగారు. నాన్న ఒక్కొక్కరినీ చూసి తృప్తిగా తలూపాడు. కోతల దాకా ఆయన లేడు.

ఇప్పుడు ఆ మళ్లలో యంత్రాలు నాటుతున్నాయి. వరసలు గీత గీసినట్టు ఉంటాయి, ఒడ్డు మీద ఎవరూ కూర్చోరు. అవ్వ లేదు, ఆమె మనవరాలు ఎక్కడుందో తెలియదు. సంఘం పెద్దాయన పేరు కూడా నాకు గుర్తు లేదు.

నిన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. "చక్కెర లేకుండా తాగి చూడండమ్మా, వారంలో అలవాటైపోతుంది" అంది. తాగి చూశాను తల్లీ, ఒక్కసారి తాగాను, ఆ ఒక్కసారి ఎవరి చేతి టీ తాగానో వాళ్ల కోసం తాగాను. నీ కోసం తాగను. ఫోన్ పెట్టేసి, పొయ్యి వెలిగించి, గిన్నెలో రెండు చెంచాలు వేశాను. రుచి చూసి, ఇంకొకటి వేశాను.